ప్యాకింగ్

ముందు బ్యాటరీ మైనస్ వైరు పీకు,
ఇంజను చల్లారిందాకా చెయ్యి పెట్టబాక
అని కుర్రాడికి చెప్తున్నా గానీ
ఆ మాట నాది కాదు.

చీమకుర్తి. మధ్యాహ్నం మూడు.
రాళ్ల లారీ పోయినప్పుడల్లా షెడ్డు రేకు వణికిద్ది.
టీ గ్లాసు మీద, స్పానర్ల మీద, కనురెప్పల మీద
బూడిదరంగు పొడి.

ఎస్టీమ్ బండి, రెండువేల ఒకటి మోడలు,
మూడు చేతులు మారి చెంచురామయ్యకి చేరింది.
క్వారీలో డ్రిల్లు పట్టిన మనిషి.
"బ్రేకు తొక్కి నిలబెడితే చాలు, ఆగిపోతంది అబ్బయా"
అని, ఇంకేదో చెప్పబోయి దగ్గాడు.
ఆయన తర్వాత బండీ అట్టానే దగ్గింది.

గాలి గొట్టం క్లాంపు వదులు చేశా.
యాక్సిలేటర్ కేబులు కొసన చిన్న గుండు,
సగం తిప్పితే గూట్లోంచి జారిద్ది.
సెన్సారు కప్లర్ నాలుక నొక్కిపట్టి లాగాలి,
వైరు పట్టి లాగావో, నీ జీతంలో కోత.
నీళ్ల పైపులు రెండు. ఏది పైది ఏది కిందది,
సుద్దముక్కతో గుర్తు.
నాలుగు బోల్టులు.

మూడు మర్యాదగా వచ్చాయి.
నాలుగోది ఇంజను వైపు, చూపందని చోట,
వేలితో తడిమితేనే ఉన్నట్టు తెలిసేది,
కదల్లా.
నూనె పోశా. టీ తాగా. మళ్లీ నూనె పోశా.
"బోల్టుతో పోట్లాడితే తల తెగిద్ది రా" అనేవాడు కాలేషా,
బీడీ దమ్ము లాగి, తీరిగ్గా,
"బోల్టుది."
టక్కుమంది చివరికి.

చేతిలోకొచ్చింది
చెంబు మెడంత అల్యూమినియం గొంతు.
లోపల రూపాయి బిళ్లకి రెండింతల ఇత్తడి రేకు.
బటర్‌ఫ్లై అంటాం. ఎగిరింది లేదు పాడూ లేదు,
ఇరవై మూడేళ్లు ఉన్నచోటే రెక్క వాల్చి లేపింది.
అంచు చుట్టూ కాటుకలా మసి,
మసిలో కొండ.

తిప్పి చూశా.
ప్యాకింగ్ కంపెనీది కాదు. అట్ట.
బ్లేడుతో అంచు లేపితే పసుపు,
పసుపు కింద బంగారు అక్షరాలు.
ఒక పక్క "చి. మాల్యా",
ఇంకో పక్క "వెంగమాం".
ముహూర్తం ఉండాల్సిన చోట గుండ్రంగా బొక్క,
గాలి పోయే దారి.

"అన్నా, ఇది నీ పేరేగా?" అన్నాడు కుర్రాడు.

ఆయన షెడ్డుకి ఎదురుగా షెడ్డు పెట్టిన మూడో నెల,
ఆ కార్డు నేనే తీసుకెళ్లి ఇచ్చా.
గ్రీజు చేత్తో అందుకున్నాడు, విప్పి చదవలా.
పెళ్లికి రాలా.
పొయ్యిలో పెట్టుంటాడని పందొమ్మిదేళ్లు అనుకున్నా.

ఇది ఆయన అంచే. కత్తెర పట్టేవాడు కాదు,
అట్టని లోహమ్మీద పరిచి
గుండు సుత్తితో చుట్టూ తట్టి తట్టి కోసేవాడు,
పసిపిల్ల వీపు మీద తట్టినట్టు.
కోపంతో కోశాడా,
అట్ట మందం బావుందని కోశాడా,
అడగటానికి మనిషి లేడు.
రెండు రంజాన్ల కిందట పోయాడు.
నేనూ వెళ్లలా.

ఒకటి మటుకు తెలుసు.
ఇన్నేళ్లూ దొంగగాలి ఒక్క పిసరు
లోపలికి రానీలా.

మెత్తటి బ్రష్షుతో మసి కడిగించా.
పాత ప్యాకింగ్ మళ్లీ వెయ్యకూడదు, అదీ ఆయన మాటే.
కొత్త షీటు మీద పాతదాన్ని పరిచి
పెన్సిలు తిప్పా.
కుర్రాడు కత్తెర తెచ్చాడు.
అది కాదు, గుండు సుత్తి తే.

పొద్దుగూకేలోపు బండి ఒక్క ఊపిరి మీద నిలబడింది.
చెంచురామయ్య కాసేపు విన్నాడు, దగ్గకుండా.

రాత్రి చొక్కా జేబులో నూనె మరక చూసి
వెంగమాంబ తిట్టింది.
"మన ముహూర్తం ఎన్ని గంటలకే?" అని అడిగా.
చేపలు కడుగుతా, తల ఎత్తకుండా,
"ఎవురికి గుర్తు" అంది.